ఎడమ చుట్టు

ఎస్సై బూటు తగిలి చాట ఎగిరి గోడకు కొట్టుకుంది. అందులోని రాగి స్ప్రింగులన్నీ అరుగు మీదా, మోరీ కాల్వలోనూ, శంకరవ్వ వొళ్లోనూ చెల్లాచెదురయ్యాయి. ఒక్కొక్కటి మినపగింజంత ఉంటుంది. లేచింది మొదలు వంచిన మెడ ఎత్తకుండా చుట్టినవి అవి. ఇంకొకరైతే ముందు లేచి పక్కకు జరిగేవారు. చిన్నప్పటి నుంచి చాటలో బీడీలు చుట్టిన చెయ్యి కదా, ఊరుకోలేదు. మోరీలో పడ్డవాటిని ఏరడానికి శంకరవ్వ వంగింది.

"ఏరు, ఏరు. ఒక్కటి గూడ ఇడువకు. అన్ని నాకే కావాలె," అన్నాడు ఎస్సై.

ఆమె భర్త ఇస్తారిని ఇద్దరు కానిస్టేబుళ్లు ఇంట్లోంచి ఈడ్చుకొచ్చారు. సద్దన్నం తింటున్న మనిషి. చేతికి మెతుకులు అట్లాగే ఉన్నాయి. బస్టాండు వెనక రేకుల డబ్బా కొట్లో కూర్చుని, కాలిపోయిన బోరు మోటర్లకు కొత్త రాగితీగ చుట్టడం ఇస్తారి పని. క్రితం వారం ఆదిలాబాద్ దిక్కు అడవిదారిలో పోలీసు వ్యాను కింద మందుపాతర పేలింది. అప్పటి నుంచి కరీంనగర్ జిల్లాలో తీగ అమ్మేవాడికీ, కొనేవాడికీ, చుట్టేవాడికీ కంటి మీద కునుకు లేదు. ఒక్కొక్కరినే ఎత్తుకుపోతున్నారు. ఇవాళ ఇస్తారి వంతు వచ్చింది.

ఎస్సై ఒక స్ప్రింగును వేలికొసన పెట్టుకుని ఎండకు పట్టి చూశాడు. "ఇవేందే?"

"ప్రింగులు సారూ. కాలేజి మేడం చెప్పిన పని."

"కాలేజిల గివిటితోని ఏం పని?"

శంకరవ్వకు ఈ ప్రశ్నంటే ఇష్టం. ఇరుగుపొరుగు ఎవరడిగినా ఇంత పొడుగున చెప్పేది. ఆ అలవాటుతోనే, చూడండి ఆమె అమాయకత్వం, ఎస్సైకి కూడా చెప్పింది. "గాలిల కనవడని అలలు పోతుంటయట సారూ. గవి నిలువుగ ఊగుకుంట వస్తయట. మన ప్రింగులల్లకెల్లి బయటవడితె, జర పక్కకు ఒరిగి ఊగుతయట. ఎంత ఒరిగినయో మేడం మిషన్ల చూస్తది."

"అలలా? కరీంనగర్ల సముద్రం ఏడిదే?"

ఎస్సై నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి కానిస్టేబుళ్లు నవ్వారు. ఆ నవ్వు ముగియకముందే ఆమె చెంప పేలింది. కళ్ల ముందు అరుగు గిర్రున తిరిగింది.

"సారూ, ఆడిదాని మీద చెయ్యేందుకు సారూ. తీగ నాది. అడిగేదేదో నన్నడుగుండ్రి," అన్నాడు ఇస్తారి.

తుపాకి మడమ అతని కడుపులో దిగింది. తిన్న సద్ది తిన్నట్టే అరుగు మీద పడింది. వంగిపోయినవాణ్ని మెడ పట్టి జీపులోకి తోశారు. శంకరవ్వ బీడీల చాట మీద కప్పుకునే గుడ్డలోనే స్ప్రింగులన్నీ మూటగట్టారు. "ఇంట్ల మిగిలిన తీగ పట్టుకొని మాపటికి ఠాణాకు రా. రాకుంటె మళ్ల మేమే వస్తం," అని చెప్పి ఎస్సై జీపెక్కాడు.

జీపు మూల తిరిగాక గానీ పక్కింటి బుచ్చవ్వ బయటికి రాలేదు. ఆమెనేమీ అనలేం. ఆమె తమ్ముడు కొమురెల్లి మంచిర్యాల దిక్కు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నిరుడు అతన్ని ఇట్లాగే తీసుకుపోయారు. ఆమె వచ్చి శంకరవ్వ చెంపకు తడిగుడ్డ అద్దింది.

"ఠాణాల ఉన్నడంటె ఫికర్ లేదు శంకరా. తమ్ముని కోసం పోయి నేనడిగితె, నిన్ననే వదిలిపెట్టినమన్నరు. గంతే. గోదారి అవతల తుప్పలల్ల శవమై దొరికిండు. వాండ్లు కొడతమంటె భయపడకు. వదిలిపెట్టినమంటె భయపడు."

*

మేడం ఇంటి అరుగు మీద ఆమె భర్త జగన్మోహన్‌రావు పేపరు చదువుతున్నాడు. రోడ్ల కాంట్రాక్టరు. ఊళ్లో భూములున్నాయి గానీ ఊరికి పోయే రోజులు కావు. పోలీసు పెద్దలతో కలిసి తిరుగుతాడు, అడవిలో వాళ్ల పేరు చెబితే గొంతు తగ్గిస్తాడు.

శంకరవ్వ గేటు బయటే నిలబడి జరిగిందంతా చెప్పింది. "మేడం ఒక్క మాట చెప్పితె సాలు దొరా. తనే చుట్టమన్నదని చెప్పితె సాలు."

"మేడం లేదు. హైదరాబాద్ పోయింది," అన్నాడాయన పేపరు దించకుండా.

"ఎప్పుడొస్తది దొరా?"

"నాకు చెప్పి పోయిందా? పో, పో. ఈ లొల్లి మా ఇంటికి తేకు."

గడప దగ్గర మేడం చెప్పులున్నాయి. రోజూ కాలేజీకి వేసుకుపోయే గోధుమరంగు చెప్పులు. పరదా కింద నుంచి నీలం చీర అంచు కనబడుతోంది. శంకరవ్వ చెప్పుల్ని చూసింది, అంచును చూసింది, జగన్మోహన్‌రావు ముఖం చూసింది. వెనక్కి తిరిగింది. ఏమని అంటుంది? అన్న మాటతో ఉన్న పని కూడా పోతుంది.

ఠాణాలో ఇస్తారి లేడు. వేరేచోట ఉంచామన్నారు. వదిలిపెట్టామని అనలేదు. ఆ ఒక్కదానికే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఎస్సై ఆమెను మేజా ముందు నిలబెట్టాడు. "తీగ తెచ్చినవా? ఏదీ, చుట్టు. నా ముంగట చుట్టి చూపియ్యి."

ఇదీ మన మంచికే అనుకుంది శంకరవ్వ. పని చూస్తే పనిమనిషని నమ్ముతాడు గదా. కింద కూర్చుని, తీగతోపాటు సంచిలో తెచ్చుకున్న దబ్బనం ఎడమచేత్తో పట్టుకుంది, మొన కుడివైపుకు పెట్టి. కుడిచేత్తో తీగ కొస అందుకుంది. తన దిక్కు నుంచి అవతలికి మూడు చుట్లు తిప్పి, కత్తెరతో కొస తెంపి, బొటనవేలితో తోసింది. స్ప్రింగు టపీమని నేల మీద పడింది. ఇంకొకటి. ఇంకొకటి. ఇంత భయంలోనూ వేళ్లు తమ పాటికి తాము చుట్టుకుపోయాయి. కానిస్టేబుళ్లు దగ్గరకొచ్చి వంగి చూశారు.

"చాలు," అన్నాడు ఎస్సై. "గిది నేర్చుకోను ఎన్ని దినాలువట్టిందే? ఎక్కడ నేర్పిండ్రు? ఏ దళమోళ్లు నేర్పిండ్రు?"

"దళమేంది సారూ! చిన్నప్పటికెల్లి బీడీలు చేస్తున్న. తునికాకు చుట్టిన చెయ్యి. తీగ ఏమంత పెద్ద..."

"బీడీలు చేసేదానికి గింత సఫాయిగ వస్తదా? మందుపాతరకు ప్రింగు కావాలె. పాతరెయ్యనీకె మొగడు, ప్రింగు చుట్టనీకె పెండ్లాం. మంచిగనే కుదిరిండ్రు."

అదీ ఎస్సై తీర్పు. పని రాకపోయి ఉంటే ఏమనేవాడో గానీ, పని బాగా రావడమే ఆమె నేరమైంది.

ఒకడు ఆమె జుట్టు పట్టాడు. ఇంకొకడు మణికట్టు పట్టి కుడిచేతిని మేజా మీద పరిచాడు. ఎస్సై లాఠీని నిలువుగా పట్టుకుని, దంచినట్టు దించాడు. మొదటి దెబ్బకు ఎండిన పుల్ల విరిగిన చప్పుడు ఆమె చెవులకే వినబడింది. రెండో దెబ్బకు అరిచింది. ఆ అరుపు రోడ్డవతల చాయ్ హోటలుదాకా పోయింది. హోటలు వాడు రేడియో పెంచాడు. మూడో దెబ్బ ఏ వేలి మీద పడిందో ఆమెకు తెలియలేదు.

బయట, తోడొచ్చిన బుచ్చవ్వ మట్టిలో కూలబడి ఉంది. శంకరవ్వ గుమ్మం దాటి వస్తుంటే వెనక నుంచి ఎస్సై గొంతు వినబడింది. "ఎవలన్న అడిగితె ఇంట్ల జారి పడ్డనని చెప్పు."

*

మర్నాడు పొద్దెక్కాక రిక్షా వచ్చి గల్లీలో ఆగింది. గోధుమరంగు చెప్పులు దిగాయి. నీలం చీర కాదు, వేరేది.

ఫిజిక్సు చెప్పే ప్రమోదిని మేడం ఆ గల్లీకి రావడం కొత్త కాదు. ఈ పనికి సన్నటి వేళ్లూ ఓపికా ఉన్న మనిషి కావాలని బీడీలు చేసే వాడకట్టులన్నీ వెతికి శంకరవ్వను పట్టుకుంది ఆమే. వచ్చినప్పుడల్లా అరుగు మీదే కూర్చుని భూతద్దంతో స్ప్రింగులు చూసేది, మురిసిపోయేది. ఇవాళ అరుగెక్కి, వెదురుబద్దలు పెట్టి గుడ్డపేలికలతో కట్టిన ఆ చేతిని చూసింది. వేళ్లు ఉబ్బి నల్లబడి ఉన్నాయి. చూపుడువేలు పక్కకు పోయింది. మేడం అక్కడే చతికిలబడింది.

"నిన్న నువ్వొచ్చినప్పుడు నేను ఇంట్లనే ఉన్న శంకరవ్వా."

"తెలుసమ్మా. చెప్పులు చూసిన."

మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. శంకరవ్వకు జాలి పుట్టలేదు. పుట్టనందుకు సిగ్గూ పడలేదు. "ఏడ్సుకుంట కూసుంటె ఆయన ఇంటికి రాడు. ఏం చెయ్యాల్నో గది చెప్పు."

మేడం కళ్లు తుడుచుకుని చెప్పింది. పొద్దున్నే మొగుడు వద్దన్నా వినకుండా డీఎస్పీ దగ్గరికి పోయింది. ఆయనా బీఎస్సీ చదివినవాడే. అంతా విన్నాడు. మీరు చెప్పే అలలూ స్ప్రింగులూ నిజమైతే నా కళ్లతో చూస్తాను, రేపు మధ్యాహ్నం మీ ల్యాబుకే వస్తాను, చూశాక ఆ మనిషి సంగతి ఆలోచిస్తాను అన్నాడు. అప్పటిదాకా ఇస్తారి జోలికి పోవద్దని ఎస్సైకి ఫోన్లో చెప్పాడు.

"కని శంకరవ్వా, ల్యాబుల ఉన్నవి గూడ పోలీసోళ్లు మూటగట్టి, సీలేసి తీస్కపోయిండ్రు. ఒక్క స్ప్రింగు లేదు. డబ్బా నిండ కావాలె. నేను గూడ కూసుండి కొన్ని చుట్టి చూసిన, అన్ని వంకరే వచ్చినయి. ఒక్కటి పనికిరాలె." ఆ మాట ఆమె చేతిని చూడకుండా అంది. "ఇంకెవలన్న ఉన్నరా, చుట్టేటోళ్లు?"

శంకరవ్వ తన ఎడమచేతిని ఎత్తి చూసుకుంది. "తీగ తెచ్చినవా?"

సంచిలో తీగ ఉంది, జమ్మికుంట నుంచి తెప్పించిన గింజ తీసిన పత్తి ఉంది. స్ప్రింగు స్ప్రింగుకు తగలకుండా పత్తిలో పొదగాలి. పత్తి వేసినా అలలకు అడ్డముండదు, గాలిలో పోయినట్టే పోతాయి. తిప్పేవి స్ప్రింగులే.

పోతూ పోతూ మేడం మొదటిరోజు చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. "యాదికుంది గద? చుట్టు ఎప్పటికి నీ దిక్కు నుంచి అవతలికి పోవాలె. అన్ని ఒక్క తీరుగ ఉండాలె. సగం ఇటు సగం అటు అయితె, ఒకటి తిప్పినదాన్ని ఇంకొకటి మళ్ల వెనక్కి తిప్పుతది. ఆఖరుకు ఏం తిరగనట్టే ఉంటది."

"యాదికుందమ్మా. అవతలికి."

దబ్బనాన్ని విరిగిన చేత్తో పట్టుకోవడం కుదరలేదు. కుడి మోకాలి కింద తొక్కిపెట్టి, మొన ఎడమవైపుకు తెచ్చుకుంది. ఎడమచేత్తో తీగ అందుకుంది. తన దిక్కు నుంచి అవతలికి. తీగ జారిపోయింది. మళ్లీ. ఈసారి చుట్టు మీద చుట్టు ఎక్కింది. మళ్లీ. ఎడమచేతికి సోయి లేదు. ముద్ద కలపడం కూడా తెలియని చెయ్యి అది. తీగను గట్టిగా గుంజింది, పుటుక్కున తెగింది. గుంజకే, తీగకు కోపమొస్తది అనేవాడు ఇస్తారి, మొదట్లో తాను నేర్చుకునేటప్పుడు. ఇప్పుడెక్కడున్నాడో, నిన్నటి నుంచి మంచినీళ్లన్నా పోశారో లేదో. ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. వెక్కుతూనే ఇంకో తీగ అందుకుంది.

బుచ్చవ్వ తన బీడీల చాట పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. "నాకు గూడ చెప్పు. తునికాకు చుట్టినట్టే గద."

"అక్కా, నీకెందుకు? వాండ్లు మళ్ల వస్తె నిన్ను గూడ..."

"మా తమ్మునికి నేను ఏం చెయ్యలేకపోయిన," అంది బుచ్చవ్వ. దబ్బనం ఎడమచేత్తో పట్టుకుని, తీగ కుడిచేత్తో అందుకుంది. "అవతలికేనా?"

"అవతలికే."

మధ్యాహ్నానికి శంకరవ్వ ఎడమచేతికి పని తెలిసొచ్చింది. వేగం లేదు గానీ చుట్టు సాఫుగా పడుతోంది. వేళ్ల కొసలు కోసుకుపోయి తీగకు నెత్తురంటుకుంటోంది. గుడ్డతో తుడిచి చాటలో వేస్తోంది. చుట్టిన వాటిని బుచ్చవ్వ పత్తిలో పొదిగి, బీడీ కట్టలు కట్టినట్టే చిన్న చిన్న కట్టలు కట్టింది. బీడీ కార్ఖానాలో ఎవరి కట్ట వాళ్లకు తెలియాలి. మాలు బాగాలేదని వెనక్కి కొట్టినప్పుడు ఎవరిదని తగువు రాకూడదు. అందుకని శంకరవ్వ తన కట్టలకు ఎర్రదారం చుట్టేది, బుచ్చవ్వ నల్లదారం. ఇప్పుడా పట్టింపు అక్కర్లేదు. ఐనా అలవాటు కొద్దీ ఎర్రదారం ఎర్రదారమే, నల్లదారం నల్లదారమే అయింది. తెల్లవారేసరికి కట్టలు రెండు కుప్పలయ్యాయి. ఇంచుమించు సమానం.

*

ల్యాబులో జనం నిండిపోయారు. ఎమ్మెస్సీ పిల్లలు గోడల వెంట నిలబడ్డారు. ప్రిన్సిపాలు మాటిమాటికీ కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. డీఎస్పీ టోపీ తీసి వొళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. జగన్మోహన్‌రావు ఆయన పక్కన. తలుపు దగ్గర లాఠీతో ఎస్సై. మూలన బల్ల అంచు పట్టుకుని శంకరవ్వ, ఆమె వెనక బుచ్చవ్వ.

బల్ల మీద ఎదురెదురుగా రెండు ఇత్తడి గరాటలు, పక్కన ముల్లున్న మీటరు. మేడం గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టింది. "ఈ గరాట నుంచి అలలు నిలువుగ ఊగుకుంట పోతయి సార్. ఆ గరాట గూడ నిలువుగ ఉంటె అందుకుంటది. ముల్లు లేస్తది, చూడండ్రి. ఇప్పుడు దాన్ని అడ్డం తిప్పుతున్న. అందుకోలేదు. ముల్లు సున్నాకు పడ్డది. మధ్యల ఉత్త పత్తి పెట్టిన, అయినా సున్నానే. ఇప్పుడు స్ప్రింగులున్న పత్తి పెడుత. స్ప్రింగులు అలల్ని కొంచెం ఒరగదీస్తయి. ఒరిగినంత మేర ఆ అడ్డం గరాట అందుకుంటది. ముల్లు మళ్ల లేవాలె."

కట్టలన్నీ కలిపి పేర్చిన డబ్బాను గరాటల మధ్య పెట్టింది.

ముల్లు కదలలేదు.

మేడం డబ్బాను జరిపింది. తీసి మళ్లీ పెట్టింది. ముల్లు సున్నా మీద పడుకునే ఉంది. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. శంకరవ్వ మెడ చాచి ముల్లునే చూసింది. మిషనుకేమైనా అయిందా, తన చుట్టులో తప్పుందా? నెత్తురు అంటుకున్నందుకా? రాత్రి కునికిపాట్లు పడుతూ చుట్టినందుకా?

"మేడం, ఇంకెంతసేపు?" అన్నాడు డీఎస్పీ. గొంతులో విసుగు లేదు, అదే భయంగా ఉంది.

ఎస్సై ముందుకొచ్చాడు. "సార్, ఇస్తారిగాడు అడవిల తుపాకుల డంపు చూపిస్తనన్నడు. పొద్దుగూకక ముందే తీస్కపోయొస్తం సార్."

డంపు చూపించడానికి పోయినవాళ్లు ఎట్లా తిరిగొస్తారో ఆ జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. వెనక బుచ్చవ్వ శంకరవ్వ భుజం గట్టిగా పట్టుకుంది.

మేడం డబ్బా మూత తీసి కట్టల్ని బల్ల మీద కుమ్మరించింది. ఒక కట్ట విప్పి భూతద్దం పెట్టింది. ఇంకో కట్ట విప్పింది. మళ్లీ మొదటిది చూసింది.

"ఈ ఎర్రదారం ఎవలిది?"

"నాదమ్మా."

"నల్లది?"

"బుచ్చక్కది."

"నువ్వు ఎట్ల చుట్టినవ్? చెయ్యి ఆడించి చూపియ్యి."

శంకరవ్వ కుడి మోకాలి మీద ఎడమచెయ్యి పెట్టి గాలిలో తిప్పి చూపించింది. "నువ్వు చెప్పినట్టేనమ్మా. నా దిక్కు నుంచి అవతలికి."

మేడం బుచ్చవ్వ వైపు చూసింది. బుచ్చవ్వ కూడా గాలిలో తిప్పింది. అవతలికే. బుచ్చవ్వ దబ్బనం మొన కుడికి, శంకరవ్వది ఎడమకు; చుట్లు ఒకదానికొకటి ఎదురుగా పడ్డాయి. ఇద్దరూ చెప్పింది చెప్పినట్టు చేశారు. దబ్బనం ఎటుండాలో చెప్పాలని చెప్పిన మనిషికి తోచనేలేదు.

మేడం గబగబా ఎర్రదారం కట్టలన్నీ వేరుచేసి డబ్బాలో పేర్చింది. నల్లవి పక్కకు తోసింది. డబ్బా మధ్యలో పెట్టింది.

ముల్లు లేచింది.

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. మేడం గరాటను కుడికి తిప్పింది, ముల్లు ఇంకా పైకి పోయింది. ఎడమకు తిప్పింది, దిగుతూ దిగుతూ సున్నాకొచ్చి ఆగింది.

"ఎడమకు! ఎడమకు తిరిగింది!" మేడం రెండు చేతులూ చరిచింది. ముఖం వెలిగిపోయింది. గరాటను మళ్లీ మొదటిచోటికి తెచ్చింది, మళ్లీ ముల్లు లేచింది, చిన్నపిల్లలా నవ్వింది. "రెండేండ్ల నుంచి ఎడమ చుట్టు కోసం తిరుగుతున్న! ఎంత చెప్పినా ఒక్కరి చెయ్యి తిరగకపోయె! కుడివి, ఎడమవి రెండూ ఉంటెనే లెక్క పూర్తయితది. చూసిండ్రా, చూసిండ్రా!"

పిల్లలు కూడా నవ్వుతూ ముందుకు తోసుకొచ్చారు.

శంకరవ్వ ఆ వెలిగిన ముఖాన్ని చూసింది. విరిగిన వేళ్లలో సలుపు ఒక్కసారిగా మెడదాకా పాకింది. ఓహో, అనుకుంది. నా చెయ్యి విరిగితే నీ లెక్క పూర్తయిందా తల్లీ! ఎస్సై మీద కూడా ఆమెకు అప్పటిదాకా అంత కోపం రాలేదు.

డీఎస్పీ లేచి మీటరు దగ్గరికొచ్చాడు. చదువుకున్నవాడు, ఆసక్తి పుట్టింది. "బాగుంది మేడం. నమ్మాను. మరి మీరు నిన్న కుడికే తిరుగుతాయన్నారు. ఇవెందుకు ఎడమకు తిరిగాయి?"

"చుట్టే తీరు మారింది సార్."

"ఎందుకు మారింది?"

మేడం నవ్వు ఆగిపోయింది. అప్పుడు చూసింది శంకరవ్వ వైపు. నోరు తెరిచింది. జగన్మోహన్‌రావు చిన్నగా దగ్గాడు. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది.

ఎవరూ చెప్పరని శంకరవ్వకు అర్థమైంది. బల్ల అంచు వదిలి నడిచొచ్చింది. వెదురుబద్దల కట్టుతో ఉన్న కుడిచేతిని ఎత్తి, అలలు బయటికొచ్చే గరాట ముందు అడ్డంగా పెట్టింది. ముల్లు టక్కున సున్నాకు పడిపోయింది.

"గీ చెయ్యి చుట్టితె కుడికి తిరుగుతయి సారూ. గీ చెయ్యి ఇరగ్గొట్టినంక గా చేత్తోని చుట్టిన. గందుకే ఎడమకు తిరిగినయి. ఎందుకు మారిందని మేడంనెందుకడుగుతరు? ఇరగ్గొట్టినాయన గా తలుపు కాడ నిలవడ్డడు, ఆయన్నడుగుండ్రి."

"ఇంట్ల జారి పడ్డది సార్," అన్నాడు ఎస్సై.

ప్రిన్సిపాలు కళ్లద్దాలు తుడవడం ఆపాడు.

"పడలె సార్." అన్నది మేడమే. మళ్లీ అంది. "కింద పడలె. నేనిచ్చిన పని చేసినందుకు ఠాణాల లాఠీతోని దంచిండ్రు. తెల్లారి నేను పోయి నా కండ్లతోని చూసిన. ఎవలడిగినా చెప్త." జగన్మోహన్‌రావు లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన వైపు తిరగలేదు.

డీఎస్పీ చుట్టూ చూశాడు. గోడల వెంట అంతమంది పిల్లలు. ఒక్కరి ముఖంలోనూ ఇందాకటి నవ్వు లేదు. ఆయన టోపీ పెట్టుకున్నాడు.

"సరేనమ్మా. చెయ్యి తియ్యి. మీ ఆయన్ని వదిలిపెడతాం."

వెనక బుచ్చవ్వ గొల్లుమంది.

"వదిలిపెట్టకుండ్రి సారూ," అంది శంకరవ్వ. "నీ కాల్మొక్కుత, వదిలిపెట్టకుండ్రి. ఈడికి తీస్కరాండ్రి. నా కండ్ల ముంగటికి. వచ్చేదాక చెయ్యి తియ్య."

డీఎస్పీకి ఆ మాట అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎస్సై వైపు తిరిగి, "జీపు పంపండి. ఇక్కడికే," అన్నాడు.

జీపు పోయింది. ఒక్క పిల్లవాడూ ల్యాబు వదిలిపోలేదు. మిషనును ఆపుదామని ఎవరికీ తోచలేదు. అది సన్నగా మోగుతూనే ఉంది, ముల్లు సున్నా మీదే ఉంది. ఎత్తి పట్టిన చెయ్యి బరువెక్కి కిందికి జారసాగింది. వేళ్లలోకి నెత్తురు దిగి పోట్లు మొదలయ్యాయి. ఎవరో కుర్చీ తెచ్చారు, కూర్చోలేదు. మేడం వచ్చి పక్కన నిలబడింది. ఆ మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి బరువు మోసింది. శంకరవ్వ ఆమె ముఖం చూడలేదు. చెయ్యి మాత్రం లాక్కోలేదు.

ఇద్దరు కానిస్టేబుళ్లు రెక్కలు పట్టుకుని ఇస్తారిని తీసుకొచ్చారు. అరికాళ్లు వాచి నేలకు ఆనడం లేదు. ఒక కన్ను మూసుకుపోయింది. పెదవి చిట్లి నెత్తురు గడ్డకట్టింది. అతన్ని తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టారు. ఎవరి కోసమో, ఎందుకోసమో తెలియక బెదురుగా నలుదిక్కులా చూశాడు. పెళ్లాం కనబడింది. ఎదురుగా నిలబడి ఉంది, బతికే ఉంది.

శంకరవ్వ గరాట ముందు నుంచి చెయ్యి తీసి గబుక్కున కొంగు కింద దాచుకుంది. ఆమె వెనక ముల్లు మెల్లగా లేచింది.

బల్ల మీద విప్పిన ఎర్రదారం కట్ట పడి ఉంది. రాగి కనబడితే ఇస్తారి చెయ్యి ఊరుకుంటుందా? ఒక స్ప్రింగు తీసుకుని, ఉన్న ఒక్క కంటి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది ఎడమ చుట్టు," అన్నాడు. "ఎవలు చుట్టిండ్రు?"

"నేనే."

ఇస్తారి స్ప్రింగును చూశాడు. కోసుకుపోయిన ఆమె ఎడమచేతి వేళ్లను చూశాడు. ఆ కన్ను మెల్లగా కొంగు వైపుకు తిరిగింది.

"ఏదీ," అన్నాడు, "గా చెయ్యి చూపియ్యి."